తేమ శాతం

రాత్రి రెండు.
నా బల్ల మీద గుప్పెడు చెరకు పిప్పి.
రసమంతా ఇచ్చేశాక కూడా
ఇంకా వెచ్చగానే ఉంది.
తూస్తాను. ఓవెన్‌లో పెడతాను. మళ్ళీ తూస్తాను.
తగ్గినదంతా నీళ్ళు.
నా ఉద్యోగం ఇంతే,
పోయినదాన్ని కొలిచి
ఉన్నదాని కింద సంతకం పెట్టడం.

కిటికీ అవతల ఇంగ్‌హామ్ నిద్రపోతోంది.
హెర్బర్ట్ నది మీద కదిలేది మంచు కాదు,
మా మిల్లు ఆవిరి.
ఖాళీ బిన్నుల రైలు
గొలుసులు గలగలలాడించుకుంటూ
చీకటి చేలలోకి వెళ్తోంది.

పోయిన నెల రైతుల షెడ్డులో మీటింగు.
ట్రాక్టరు బయటికి తోలి మడతకుర్చీలు వేశారు.
ఈ పక్క మిల్లు వాళ్ళు,
ఆ పక్క టౌన్స్‌విల్ నుంచి ఇంధనం కంపెనీ,
మధ్య బల్ల మీద
ప్లాస్టిక్ సంచిలో నేను తెచ్చిన నమూనా.

రెంజో కస్తెల్లారో టోపీ తీసి లేచాడు.
"మా నాన్న కాలం నుంచీ తీపికే డబ్బిచ్చారు,
పిప్పి మీ బాయిలర్‌కి ఊరికే పోయింది.
ఇవాళ అది విమానాన్ని లేపుతుందంటున్నారు.
మరి దానికి చెత్త అని పేరు పెట్టిందెవరు?"
కంపెనీ అమ్మాయి తెర మీద బొమ్మ మార్చింది.
జవాబు ఆ బొమ్మలోనూ లేదు.
మూలన కెటిల్ ఈల వేసింది.

ఆఖరి వరసలో డెల్మా టానా.
ఆమె ముత్తాతను సముద్రం మీంచి తెచ్చి
ఈ చేలలో దించారు.
చేతికి కత్తి ఇచ్చారు, వెనక్కి ఓడ ఇవ్వలేదు.
ఆమె కూర్చునే అంది:
"పిండేశాక మిగిలినదాని గురించి
ఇంతమంది కూర్చుని మాట్లాడుకోవడం
ఈ ఊళ్ళో నేనిదే చూడటం."
కాసేపు షెడ్డు రేకుల మీద
వాన లేని చప్పుడు.

చెరకు తీపని వేళ్ళతో నమలొద్దంటారు మావాళ్ళు.
బేరం ఆ రోజు వేళ్ళ దాకా వచ్చింది.
కోత తర్వాత రాలిన ఆకు కూడా కావాలన్నారు.
"మూడో వంతు తీసుకోండి" అన్నాడు రెంజో,
"మిగతాది నేల కప్పుకోవాలి.
అదీ వాటాదారే, సంతకం రాదంతే."

మధ్యాహ్నానికి కాగితం తయారైంది.
రైతులంతా ఒక సొసైటీ,
మిల్లు పిప్పి ఇస్తుంది, కంపెనీ ఇంధనం తీస్తుంది,
టన్నుకింత,
తేమ యాభై దాటితే కోత.
అప్పుడు అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు.
అంతదాకా నేను గోడకానుకున్న మనిషిని.

అప్పట్నుంచీ నా త్రాసు బరువెక్కింది.
ముల్లు అటు ఒరిగితే రెంజో, ఇటు ఒరిగితే కంపెనీ.
రెండో దశాంశం దగ్గర
ఊపిరి బిగబట్టుకుంటాను,
నా ఊపిరిలోనూ తేమ ఉంటుందని.

పెరట్లో పిప్పి కొండకి టార్పాలిన్ కప్పాం.
ఎవరూ నిప్పు పెట్టకపోయినా
లోలోపల కాగుతుందది.
పొడుగాటి చువ్వ గుచ్చి
పసిపిల్లకి జ్వరం చూసినట్టు చూస్తాం.
కొత్త ట్యాంకుల వైపు వెళ్తే
ఎండెక్కిన కల్లుకుండ వాసన.
ముక్కు మూసుకుంటారు ఇక్కడివాళ్ళు,
నేను మాత్రం ఒక నిమిషం ఎక్కువ నిలబడతాను.

మొదటి డ్రమ్ము నిన్న వచ్చింది. నీళ్ళ రంగు.
విమానానికి ఇంకా అనుమతులు రాలేదు.
చెరకు లాగే ఇంజనుకే పోశారు.
డ్రైవరు హాక్స్‌వర్త్ ఒక చుట్టు తిరిగొచ్చి
"తేడా ఏమీ లేదు" అన్నాడు.
ఫొటో తీసేవాడు నిరాశపడ్డాడు.

ఓవెన్ గంట కొట్టింది.
నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిది ఏడు.
రాశాను, సంతకం పెట్టాను,
ఎండిన పిప్పిని అలవాటుగా
చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళి
ఆగాను.
పొద్దున్నే అడగాలి,
ఇది ఎవరిదో.